మాగాణి చేశారా, మాగాణి కింద రాశారా?

మాటల మధ్య: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతాను. సౌరకుటుంబం గురించి చెబుతూ ‘2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా మార్చారు’ అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, ‘ఎలా మార్చారు టీచర్? చెక్కి చిన్నది చేశారా?’ అని అడిగింది. తరగతి అంతా నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. ఒకదాన్ని ఒక వర్గంలోంచి తీసి మరో వర్గంలో పెట్టినప్పుడు తెలుగులో ఏ క్రియ వాడాలి? ‘పునర్వర్గీకరించు’ అని ఒకచోట చదివాను. అది సరైన మాటేనా?
(ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి)

జవాబు: ముందు ఆ అమ్మాయిని నా తరఫున మెచ్చుకోండి. ఆమె అడిగింది ఖగోళ శాస్త్రం కాదు, తెలుగు వ్యాకరణం. చాలా మంచి ప్రశ్న.

ముప్పై ఒక్క ఏళ్ళు పత్రికలో వార్తలు దిద్దాను. ‘గా మార్చారు’ అనే మాట నా ముందుకు రాని రోజు లేదు. అది కనబడినప్పుడల్లా కలం ఆగేది. అలా ఆగడం నేను పత్రికలో నేర్చుకున్నది కాదు, ఇంట్లో నేర్చుకున్నది.

మా నాన్న పల్నాడులో ఒక ఊరికి కరణం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు మా ఊరి చేలు కూడా ఆయకట్టులోకి వచ్చాయి. అప్పటిదాకా మా ఊళ్ళో ఉన్నదంతా మెట్ట. జొన్న, సజ్జ, కంది, వాన పడితే పంట. నీళ్ళు వచ్చాక కొన్ని చేలు మాగాణి అయ్యాయి, కొన్ని ఆరుతడి అయ్యాయి. గట్లు వేశారు, నేల చదును చేశారు, నారుమళ్ళు పోశారు. మా పెద్దవాళ్ళు దాన్ని ఎలా చెప్పుకునేవారో నాకు బాగా గుర్తు. ‘ఫలానా వాళ్ళ ఆరెకరాలు మాగాణి చేశారు.’ అంతే. ‘మాగాణిగా మార్చారు’ అని కూడా కాదు, ‘మాగాణి చేశారు’. అక్కడ నిజంగానే నేల మారింది. నిన్న పాదం పెడితే దుమ్ము లేచిన చోట ఇవాళ మోకాలు దాకా దిగబడుతుంది.

నాకు పదేళ్ళప్పుడు ఒక సాయంత్రం, కాలువ చివర పొలం ఉన్న ఒక రైతు మా ఇంటికి వచ్చాడు. నాన్న వరండాలో చాప మీద కూర్చుని అడంగల్ రాసుకుంటున్నారు. ఆ రైతు మెట్ల దగ్గరే నిలబడి, కండువా చేతిలోకి తీసుకుని, ఒక్క మాట అన్నాడు: ‘కరణంగారూ, మా చేను మాగాణి కింద రాశారు గాని, మాగాణి చేయలేదు.’

నాన్న కలం కింద పెట్టారు. మర్నాడు పొద్దున్నే అతనితో కలిసి కాలువ గట్టు వెంట చివరిదాకా నడిచారు. నన్ను కూడా వెంట తీసుకువెళ్ళారు. ఆ చేనుకు నీళ్ళు రావలసిన బోదె పగుళ్ళిచ్చి ఉంది. దాని మధ్యలో తంగేడు మొలిచి పూత మీద ఉంది. కాగితం ప్రకారం ఆ చేను మాగాణి. దానికి మాగాణి శిస్తు పడుతుంది. నేల మాత్రం తాతల నాటి మెట్టే. నాన్న ఆ బోదె పక్కనే నిలబడి, ‘అమ్మాయీ, అతని మాట విన్నావా? చదువుకోనివాడు, రెండు క్రియలతో మొత్తం కేసు చెప్పాడు’ అన్నారు. ఇంటికి వచ్చాక ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా అర్జీలో రాసి పైకి పంపారు.

మీ ప్రశ్నకు జవాబు ఆ రైతు వాక్యంలోనే ఉంది. తెలుగులో ఇవి రెండు వేర్వేరు పనులు. వస్తువు తానే మరొకటి కావడం ఒకటి. వస్తువు అలాగే ఉండి, మన లెక్కలో దాని చోటు మారడం రెండోది. మొదటిదానికి ‘చేయు’, ‘అవు’, ‘గా మార్చు’ ఉన్నాయి. రెండోదానికి ‘కింద రాయు’, ‘కింద జమకట్టు’, ‘లో చేర్చు’, ‘లోకి మార్చు’ ఉన్నాయి. క్రియ ఎంత ముఖ్యమో దాని ముందున్న ప్రత్యయం అంత ముఖ్యం. ‘మార్చు’ ఒక్కటే రెండు వైపులా పనిచేస్తుంది. ‘గా’ వస్తే ఒక అర్థం, ‘లోకి’ వస్తే మరో అర్థం.

ఎందుకంటే ‘గా’ మామూలు ప్రత్యయం కాదు. అది ‘అగు’ క్రియకు చెందిన ‘కా’ అనే రూపం, సరళమై ‘గా’ అయింది. అంటే ‘మాగాణిగా’ అన్నప్పుడే దాని లోపల ‘మాగాణి అవడం’ ఉంది. దానికి ‘మార్చు’ కూడా తోడైతే వినేవాళ్ళకు ఒక వస్తువు ఇంకో వస్తువు అయిపోయినట్టే వినబడుతుంది. మంత్రగాడు రాకుమారుణ్ణి చిలుకగా మార్చాడు అన్నప్పుడు వాడేది సరిగ్గా ఈ జంటనే. మీ విద్యార్థిని చెవి సరిగ్గా పనిచేసింది. ‘మరుగుజ్జు గ్రహంగా మార్చారు’ అంటే ఎవరో ప్లూటో దగ్గరికి వెళ్ళి ఏదో చేశారనే అర్థం వస్తుంది.

జరిగింది ఏమిటి? 1930లో కనుక్కున్నప్పటి నుంచి ప్లూటోను తొమ్మిదో గ్రహంగా లెక్కపెట్టాం. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహం అంటే ఏమిటో కొత్తగా నిర్వచించింది. సూర్యుడి చుట్టూ తిరగాలి, దాదాపు గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య పరిసరాల్లోని చిన్నాచితకా వస్తువులను ఊడ్చేసి ఉండాలి. మూడో షరతు దగ్గర ప్లూటో ఆగిపోయింది. దాంతో దాన్ని గ్రహాల్లోంచి తీసి మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు. ఆ రోజు ప్లూటో మీద ఒక రాయి కూడా కదలలేదు. కదిలింది మన జాబితా. అందుకని బోర్డు మీద ‘ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు’ అని రాయండి. లేదా ‘మరుగుజ్జు గ్రహాల్లోకి మార్చారు’ అనండి. ‘లోకి’ పెట్టగానే ఆ అమ్మాయి ప్రశ్నకు చోటు ఉండదు.

పిల్లలకు ఇంకో ఉదాహరణ కావాలంటే సీరిస్ ఉంది. 1801లో కనుక్కున్నప్పుడు దాన్ని గ్రహం అన్నారు. తర్వాత గ్రహశకలాల్లోకి మార్చారు. 2006లో అదే సమావేశం దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. పాపం, రెండుసార్లు చోటు మారింది గాని తాను మాత్రం మారలేదు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ‘గా’ అంత బలమైనదైతే ‘మరుగుజ్జు గ్రహంగా గుర్తించారు’ అనవచ్చా? నిస్సందేహంగా అనవచ్చు. ‘గుర్తించు, పరిగణించు, లెక్కించు, వర్గీకరించు’ ఇవన్నీ మన చూపుకు సంబంధించిన క్రియలు. వాటితో వచ్చినప్పుడు ‘గా’ మన చూపులోని మార్పునే చెబుతుంది, వస్తువు జోలికి పోదు. 2008 అక్టోబరు 31న కేంద్ర ప్రభుత్వం తెలుగును ప్రాచీన భాషగా గుర్తించింది అన్నాం, రాశాం, పండగ చేసుకున్నాం. ‘తెలుగును ప్రాచీన భాషగా మార్చింది’ అని ఎవరైనా రాసి ఉంటే ఎంత వింతగా ఉండేదో ఊహించండి. ఆ ముందురోజు కూడా తెలుగు అంతే ప్రాచీనం. తేడా అంతా ‘మార్చు’తో కలిసినప్పుడే వస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ వెదురు. 1927 నాటి భారత అటవీ చట్టం ‘చెట్టు’ అనే మాటను నిర్వచిస్తూ తాటి జాతులతో పాటు వెదురును కూడా అందులో కలిపింది. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డి కుటుంబానిది. మన వరి, చెరకు ఏ కుటుంబమో వెదురూ అదే కుటుంబం. అయినా చట్టం చెట్టన్నది కాబట్టి, సొంత పొలం గట్టు మీద పెంచుకున్న వెదురును నరికి అమ్మాలన్నా, బండి మీద తరలించాలన్నా చాలా చోట్ల అనుమతుల కోసం తిరగవలసి వచ్చేది. 2017లో చట్టాన్ని సవరించి, ఆ నిర్వచనంలోంచి వెదురు అనే మాట తీసేశారు. అడవిలోని వెదురుకు అటవీ నియమాలు అలాగే ఉన్నాయి. అడవి బయట పెంచిన వెదురుకు మాత్రం ఆ బంధం తెగింది. ఇప్పుడు దీన్ని తెలుగులో చెప్పండి. ‘వెదురును గడ్డిగా మార్చారు’ అంటే పూర్తిగా తప్పు. అది ఎప్పుడూ గడ్డే. ‘వెదురును చెట్ల జాబితాలోంచి తీసేశారు’ అంటే సరిపోతుంది. మా ఊరికి తట్టలు, చేటలు తెచ్చి అమ్మే మేదరవారు ‘వెదురు పొద’ అనేవారు, నరికి తెచ్చినదాన్ని ‘గెడ’ అనేవారు. వాళ్ళ నోట ‘వెదురు చెట్టు’ అని నేను వినలేదు.

తిమింగలం సంగతీ ఇంతే. 1758లో లిన్నేయస్ దాన్ని చేపల్లోంచి తీసి పాలిచ్చే జంతువుల్లో చేర్చాడు. మనం మాత్రం ఇప్పటికీ ‘తిమింగలం చేప’ అంటూనే ఉన్నాం.

జనం నోట ఈ తేడా ఎంత సహజంగా ఉందో చూడాలంటే రిజర్వేషన్ల గురించి మాట్లాడుకునేటప్పుడు వినండి. ‘మమ్మల్ని ఎస్టీ జాబితాలో చేర్చాలి’ అని అడుగుతారు. ‘బీసీ-డి నుంచి బీసీ-ఏ లోకి మార్చాలి’ అని అర్జీ పెడతారు. ‘మమ్మల్ని ఎస్టీలుగా మార్చండి’ అని ఎవరూ అడగరు. అడిగేవాళ్ళ వాదనే ‘మేము మొదటి నుంచీ అదే, మీ జాబితాలోనే మా పేరు లేదు’ అని. ఆ వాదన నిలబడేది ‘చేర్చు’ అనే క్రియ మీద. అక్కడ ‘గా మార్చు’ వాడితే వాళ్ళ మాట వాళ్ళకే అడ్డం తిరుగుతుంది. అందుకే ఇలాంటి వార్త రాసేటప్పుడు విలేఖరులు ఈ క్రియ దగ్గర జాగ్రత్తగా ఉండాలని కోరుకుంటాను. అర్జీదారు వాడిన క్రియను మార్చి రాస్తే అతని వాదనను మార్చి రాసినట్టే.

ఇక ‘పునర్వర్గీకరించు’. మాట నిర్మాణంలో తప్పు లేదు. ‘పునః’ తర్వాత ‘వ’ వచ్చింది కాబట్టి విసర్గ ‘ర్’గా మారుతుంది. పునర్విచారణ, పునర్వివాహం లాగే పునర్వర్గీకరణ. ‘పునఃవర్గీకరణ’ అని అచ్చవుతూ ఉంటుంది, అది తప్పు. ప, క ల ముందు విసర్గ నిలుస్తుంది: పునఃప్రారంభం, పునఃపరిశీలన.

కాని ఒక ఇబ్బంది ఉంది. తెలుగులో ‘వర్గీకరణ’ అనగానే మొదట తోచేది ఒక పెద్ద గుంపును చిన్న గుంపులుగా విడదీయడం. ఎస్సీ వర్గీకరణ ఉద్యమం ఆ మాటకు ఆ అర్థాన్ని ఊరూరా స్థిరపరిచింది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం, 2004లో దాన్ని కొట్టేసిన సుప్రీంకోర్టు తీర్పు, 2024 ఆగస్టు 1న వర్గీకరణకు వీలు కల్పించిన ఏడుగురు న్యాయమూర్తుల తీర్పు: ఇన్నేళ్ళూ ఆ మాట పత్రికల్లో, గోడల మీద, సభల్లో ఆ అర్థంతోనే నలిగింది. కాబట్టి ‘పునర్వర్గీకరించారు’ అంటే ‘ఉన్న గుంపులన్నీ కలిపి మళ్ళీ మొదటి నుంచి విడదీశారు’ అనిపిస్తుంది. నిజంగా అలా జరిగినప్పుడు ఆ మాట చక్కగా సరిపోతుంది. గ్రంథాలయంలో పుస్తకాలన్నిటికీ కొత్త పద్ధతిలో సంఖ్యలు వేశారనుకోండి, అది పునర్వర్గీకరణ. ఒక్క పుస్తకాన్ని కథల బీరువాలోంచి తీసి చరిత్ర బీరువాలో పెడితే దానికి అంత మాట అక్కరలేదు. ‘చరిత్రలోకి మార్చారు’ చాలు.

మన లెక్కల పుస్తకాల్లో ఇంకా చిన్న మాట ఉంది: ‘పద్దు మార్చు’. కొట్లో గుమాస్తా కిరాయి డబ్బును పొరపాటున సరుకు పద్దులో రాశాడనుకోండి. మర్నాడు యజమాని ‘అది కిరాయి కింద రాయాలి, పద్దు మార్చు’ అంటాడు. డబ్బు అంతే, ఖర్చయిన తేదీ అంతే, ఇచ్చిన మనిషి అతనే. పద్దు ఒక్కటే మారింది. మీరు అడిగిన క్రియకు ఇంతకంటే దగ్గరి తెలుగు నాకు కనబడలేదు. సైన్సు పాఠంలో ‘పద్దు’ ఇమడదు కాబట్టి అక్కడ ‘వర్గం మార్చారు’ అనండి.


ప్రశ్న: ‘జాతీయకరణ’, ‘జాతీయీకరణ’ రెండూ అచ్చులో చూస్తున్నాను. అలాగే ‘ఆధునీకరణ’, ‘ఆధునికీకరణ’. ఏవి ఒప్పు?
(ఒక బ్యాంకు ఉద్యోగి, వరంగల్)

జవాబు: జాతీయీకరణ, ఆధునికీకరణ ఒప్పు.

ఈ ‘ఈకరణ’ వెనక చక్కటి సంగతి ఉంది. సంస్కృత వ్యాకరణంలో దీన్ని ‘చ్వి’ ప్రత్యయం అంటారు. అంతకుముందు అలా లేనిది అలా కావడం, దాన్నే ‘అభూతతద్భావం’ అన్నారు, ఆ అర్థంలోనే ఇది వస్తుంది. పదం చివరి ‘అ’ కాస్తా ‘ఈ’ అవుతుంది, దానికి ‘కరణ’ గాని ‘భవన’ గాని చేరుతుంది. భస్మం కానిది భస్మం చేస్తే భస్మీకరణం. ఘనం కానిది ఘనమైతే ఘనీభవనం. ‘జాతీయ’లోని చివరి ‘య’ మీద అకారం ‘ఈ’ అయి ‘జాతీయీ’ అవుతుంది. ‘ఆధునిక’లో ‘క’ ఎక్కడికీ పోకూడదు, ‘ఆధునికీ’ కావాలి. ‘ఆధునీకరణ’లో ఆ ‘క’ను మింగేశారు. నాలుక తేలికదనం చూసుకుంటుంది, అది సహజమే. అయినా రాతలో నిలబెట్టుకోవాలని నా కోరిక. ‘క్రమబద్ధీకరణ’ను చూడండి, లేఅవుట్ల పుణ్యమా అని ఊరూరా తెలిసిన మాట, జనం తప్పు లేకుండానే పలుకుతున్నారు. ‘ద్ధ’ ఒత్తు ఒక్కటి రాతలో జారిపోతూ ఉంటుంది.

ఈ ప్రత్యయం మనకు తెలియకుండానే రోజూ వాడే మాటల్లో ఉంది. ‘స్వీకరించు’ విడదీయండి. ‘స్వ’ అంటే తనది. తనది కానిదాన్ని తనది చేసుకోవడం స్వీకరించడం. ‘అంగీకరించు’ కూడా అంతే, తన అంగం కానిదాన్ని తనలో భాగం చేసుకోవడం. ఒకరి మాటను అంగీకరించడమంటే దాన్ని మన ఒంటికి చేర్చుకోవడమని తెలిసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. అప్పటి నుంచి ఆ మాటను తేలిగ్గా వాడలేకపోతున్నాను.

బ్యాంకులో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయీకరించారు అని పుస్తకాల్లో రాస్తాం. ఆనాటి జనం మాత్రం ‘బ్యాంకులను జాతీయం చేశారు’ అన్నారు, ఇప్పటికీ అంటారు. ఇందాక చెప్పిన ‘మాగాణి చేశారు’ వరసే ఇది. యాజమాన్యం నిజంగా మారింది కాబట్టి ‘చేశారు’ సరిగ్గా అతుకుతుంది. వార్తలో నేనైతే అదే రాస్తాను.


ప్రశ్న: నిధులను ‘మార్చారు’, ‘మళ్ళించారు’, ‘బదిలీ చేశారు’, ‘బదలాయించారు’ అని నాలుగు రకాలుగా రాస్తున్నారు. తేడా ఉందా?
(గ్రామ సచివాలయంలో పనిచేసే పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: చాలా ఉంది. తప్పుగా వాడితే మనిషికి మచ్చ వస్తుంది కాబట్టి చెప్పాలి.

‘మళ్ళు’ అంటే వెళ్ళే దిక్కు నుంచి పక్కకు తిరగడం. పశువులను మళ్ళిస్తాం, కాలువ నీళ్ళు మళ్ళిస్తాం, ‘వయసు మళ్ళినవారు’ అంటాం. నీళ్ళ విషయంలో అందులో తప్పేమీ లేదు, రైతు రాత్రంతా చేసే పనే అది. డబ్బు విషయానికి వచ్చేసరికి అది నేరారోపణ అవుతుంది. ‘బడి నిధులు మళ్ళించారు’ అంటే బడికి చేరవలసిన డబ్బు దారి తప్పించారని. ఎవరి మీదా ఆరోపణ లేనప్పుడు, పై అధికారి అనుమతితో ఒక పద్దులోంచి మరో పద్దులోకి వెళ్ళినప్పుడు ‘మార్చారు’ అనండి.

‘బదిలీ’ చోటు మారడం, ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు. ‘బదలాయింపు’ చెయ్యి మారడం, ఒకరి హక్కు మరొకరికి పోవడం. ఏజెన్సీ ప్రాంతాల్లో అందరికీ తెలిసిన 1/70 చట్టం పేరులో ‘భూ బదలాయింపు’ అని ఉండేది అందుకే. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేయడం దాని పని. ఆ భూమి మెట్టో మాగాణో దానికి పట్టదు. పొలాన్ని ఇళ్ళ స్థలంగా మార్చడం వేరు, దాన్ని ‘భూ వినియోగ మార్పిడి’ అంటాం, జనం ‘నాలా’ అంటారు. ఈ రెండూ ఒకే పత్రంలో వచ్చినప్పుడు ‘బదలాయింపు’, ‘మార్పిడి’ తారుమారైతే అర్జీ పెట్టుకున్నవారు నెలల తరబడి తిరగవలసి వస్తుంది. మీరు రోజూ అలాంటి పత్రాలు రాసే చోట ఉన్నారు. దయచేసి ఈ రెంటినీ విడిగా ఉంచండి.


ప్రశ్న: ‘పార్టీ మారారు’, ‘పార్టీ ఫిరాయించారు’ ఒకటేనా?
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: కాదు. ‘మారారు’ అన్నది జరిగిన సంగతి. ‘ఫిరాయించారు’ అన్నది దాని మీద తీర్పు. మాట ఫిరాయించాడు, ప్లేటు ఫిరాయించాడు అన్నప్పుడు ఇచ్చిన మాటకు ఎదురు తిరిగాడనే నింద ఉంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చాక దానికి తెలుగులో ‘ఫిరాయింపుల నిరోధక చట్టం’ అనే పేరు స్థిరపడింది, కాబట్టి ఇప్పుడా మాటకు చట్టపరమైన బరువు కూడా ఉంది. ఒక శాసనసభ్యుడి మీద ఫిర్యాదు సభాపతి ముందు నడుస్తూ ఉండగా పత్రిక తన మాటగా ‘ఫిరాయించిన’ అని రాయకూడదని నా అభిప్రాయం. ఫిర్యాదు చేసినవారి మాటగా రాయవచ్చు.


ప్రశ్న: నేను చదువు కోసం అమెరికా వచ్చి రెండేళ్ళయింది. ఇక్కడ కుండీలో చిన్న కరివేపాకు మొక్క పెట్టాను. ఫోటో పంపితే మా అమ్మ ‘మారాకు వేసింది, ఇక భయం లేదు’ అంది. మారాకు అంటే ఆకు మారడమా? పాత ఆకులైతే అలాగే ఉన్నాయి.
(ఒక విద్యార్థిని, డాలస్)

జవాబు: ఇక్కడి ‘మారు’ క్రియ కాదమ్మా. ‘మరొక, రెండో, తర్వాతి’ అనే అర్థంలో ముందు చేరే మాట. మారుపేరు, మారువేషం, మారుమాట, మారుమనువు అన్నీ దీని సంతానమే. ‘ఒక మారు, రెండు మార్లు’ అన్నప్పుడూ ఇదే. మారు, ఆకు కలిసి మారాకు. అంటే పాత ఆకు మారింది అని కాదు, దాని తర్వాతి ఆకు వచ్చింది అని.

నాటిన మొక్క కొన్నాళ్ళు ఉన్న ఆకులతోనే ఉంటుంది. బతుకుతుందో లేదో తెలియదు. కొమ్మ చివర లేత పచ్చగా, కాస్త ఎర్రజీర కలిసి, వేలిగోరంత చిగురు కనబడిన రోజున ‘మారాకు వేసింది’ అంటారు. వేరు కొత్త మట్టిని పట్టుకుందని అర్థం. మీ అమ్మగారు ఫోటోలో చూసింది అదే. చలికాలం పోయాక దాన్ని పెద్ద కుండీలోకి మార్చండి.